తొట్రుపడిన భక్తులు: ఇటీవల నేను చదివిన కొన్ని పుస్తకములు



గడచిన వర్షాకాలమున కాలు విరిగి ఆరు వారములు మంచమునకు అంటిపెట్టుకొని యుండవలసి వచ్చినప్పుడు, మా అమ్మ పుస్తకముల బీరువా తెరచి, చేతికందినవానిని చేతికందినట్లు తెచ్చి నా తలగడ ప్రక్కన దొంతిగా పేర్చినది. ఆమెకు ఇంగ్లీషు రాదు. కావున నవలలును భక్తిగ్రంథములును ఏ వివక్షయు లేక ఒకదానిపై నొకటి చేరినవి. ఉదయ ప్రార్థన ముగిసిన పిదప భక్తిగ్రంథము, మధ్యాహ్న భోజనానంతరము కావలెనన్నచో నవల, ఇది మా యింట తాతగారి నాటినుండి వచ్చుచున్న మర్యాద. భక్తిగ్రంథము ఆత్మకు అన్నమనియు, నవల భోజనానంతరపు తాంబూలము వంటిదనియు ఆయన తలంపు. పడకలోనున్న మనిషికి పూర్వాహ్ణమునకును అపరాహ్ణమునకును భేదము తెలియదు గదా. నాలుగైదు దినములలో ఆ మర్యాద సడలిపోయి, ఒక గ్రంథమున సగమును వేరొకదానిలో సగమును చదువుచు, రెండింటి నడుమనున్న గోడ ఎచ్చట నుండెనో కూడ మరచిపోతిని. అట్లు చదివినవానిలో నన్ను విడువక పట్టుకొన్నవి నాలుగైదు. వాని యన్నిటిలోను నాకు కనిపించిన మనిషి ఒక్కడే: తాను చేయుచున్న పనికి తాను తగనని బాగుగ నెరిగియు ఆ పనిని విడువలేనివాడు. ఆ మనిషిని గూర్చి ఈ పదిహేను నిమిషములు మీతో ముచ్చటింపవలెనని వచ్చితిని.

మొదట ‘యాత్రికుని ప్రయాణము’ను గూర్చి. తెలుగు క్రైస్తవ కుటుంబములలో పుట్టి పెరిగినవారికి ఈ పుస్తకమును పరిచయము చేయ నక్కరలేదు. మా తాతగారు పల్లెటూరి సంఘమున ఉపదేశి. భక్తిగ్రంథములతో సమానముగ ఆయన అంగీకరించిన కట్టుకథ ఇది యొక్కటే. రాత్రి భోజనములైన తరువాత లాంతరు వత్తి పెద్దది చేసి ఆయన బిగ్గరగా చదువుచుండగా, వీపున మూటతో నడచు ఆ యాత్రికుడు మా ఊరి చెరువుకట్టమీదనే పోవుచున్నట్లు నాకు తోచెడిది. ఆ నాడు నేను సింహముల కొరకును, రాక్షసుని కోట కొరకును వింటిని. ఈసారి మొదటి పుటలలోనే ఒకచోట ఆగిపోతిని. నాశనమునకు గురికానున్న తన పట్టణము విడిచి పరుగెత్తునప్పుడు, భార్యాబిడ్డలు వెనుకనుండి కేకలు వేయుచుండగా, ఆ మనిషి రెండు చెవులలోను వ్రేళ్లు దూర్చుకొని వెనుదిరిగి చూడక పరుగెత్తును. చిన్ననాడు అది నాకు వీరకృత్యముగ దోచినది. ఇప్పుడు ఆ వాక్యమును వ్రాసినవాడెవ్వడో తెలిసి చదువుచుంటిని.

జాన్ బన్యను పాత్రలకు మాట్లు వేసి పొట్టపోసికొనువాడు. అనుమతి లేక బోధించుచున్నాడని 1660లో పట్టుకొని, ఆయనను బెడ్ఫర్డు పట్టణపు చెరసాలలో 12 సంవత్సరములుంచిరి. ఇకమీదట బోధింపనని ఒక్క మాట యిచ్చినచో తలుపు తెరచెడివారే. ఆయన ఈయలేదు. ఇంటివద్ద నలుగురు బిడ్డలు. పెద్దకూతురు మేరీ గ్రుడ్డిది. చెరలో కూర్చుండి లేసుత్రాళ్ల కొనలకు రేకు మొనలు తొడిగి, వానిని అమ్మించి ఇంటికి ఆధారము కల్పించుకొనెను. 1666లో వెలువడిన స్వీయచరిత్రలో ఆ గ్రుడ్డిపిల్లను తలంచుకొని ఆయన వ్రాసిన పుట యొకటి కలదు. తన పట్టుదలకు వెల ఆ పసిబిడ్డ చెల్లించుచున్నదను బాధ అందులో దాగక కనిపించును. ఆ తండ్రియే చెవులలో వ్రేళ్లు పెట్టుకొన్న యాత్రికుని వ్రాసినాడు! మొదటి భాగము 1678లో వచ్చినది. ఆరేండ్లకు, 1684లో, రెండవ భాగము వ్రాసి, విడిచివచ్చిన భార్యను పిల్లలను అదే దారిన, బలమైన తోడునిచ్చి, గమ్యమునకు పంపించినాడు. విమర్శకులు రెండవ భాగమును ఎట్లు తూచినను, నాకు మాత్రము అది ఒక తండ్రి తీర్చుకొన్న బాకీవలె కనిపించినది.

దొంతిలో దాని క్రిందనున్నది అగస్టీను భక్తుని ‘ఒప్పుకోలు’. పదిమంది కొనియాడుట విని విని, భయపడి నేనిన్నాళ్లు తెరువని గ్రంథమది. తెరచి చూతునుగదా, ఉత్తరాఫ్రికాలో ఒక పట్టణమునకు బిషప్పుగా నున్న నడివయస్సు మనిషి, పదునారేండ్ల ప్రాయమున పొరుగుతోటలో బేరిపండ్లు దొంగిలించిన రాత్రిని తలంచుకొని పుటలు పుటలుగ పరితపించుచున్నాడు. ఆకలి లేదు, పండ్లలో రుచి లేదు, తుదకు పందులకు విసరివేసినారు. ఇంత చిన్నదానికి అంత పరితాపమేల యని మొదట విసుగు కలిగిన మాట నిజమే. తొమ్మిదవ భాగమునకు వచ్చుసరికి ఆ విసుగు పోయినది.

387లో ఆయన తల్లి మోనికా ఇటలీ దేశపు ఓస్టియా రేవున, స్వదేశమునకు ఓడకై వేచియున్న దినములలో జ్వరము తగిలి మరణించినది. ఆమెకు 56 సంవత్సరములు, అతనికి 33. ప్రాణము పోగానే మనుమడు బావురుమనగా, చుట్టునున్నవారు వానిని ఊరకుండబెట్టిరి. పునరుత్థానమును నమ్మినవారి యింట రోదనము తగదని వారి భావము. కుమారుడును కంట తడి రానీయలేదు. శవము వెంట నడచినాడు, ప్రార్థనలో నిలిచినాడు, తిరిగి వచ్చినాడు. స్నానము చేసినచో మనస్సులోని వ్యథ తొలగునని లోగడ వినియున్నవాడై, పోయి స్నానము చేసినాడు. తొలగలేదు. నిద్రించి లేచి, ఒంటరిగా పడకమీద నుండగా, గురువైన అంబ్రోసు కట్టిన కీర్తన యొకటి స్మరణకు వచ్చినది. అప్పుడేడ్చినాడు, గంటలో ఒక పాలు మాత్రమే. ఆ పాటి కన్నీటికే తన్ను ఎగతాళి చేయవలదని పాఠకుని వేడుకొనుచున్నాడు.

మా తాతగారు పోయిన దినమున, మా నాయన సమాధుల దొడ్డి నుండి వచ్చి, నూతివద్ద నాలుగు చేదల నీళ్లు పోసికొని, భుజముమీద తువ్వాలు తీయకయే చాలసేపు గిలకవైపు చూచుచు నిలిచిపోవుట నాకు జ్ఞాపకమున్నది. ఆయనయు ఆ దినమున ఏడువలేదు. లోపలికి వచ్చి ప్రార్థనకు వచ్చినవారందరికి చాపలు పరచినాడు. 1600 సంవత్సరముల నాటి లాటిను గ్రంథములో ఆ నూతిగట్టు కనిపించునని నేను అనుకొనలేదు.

ఈ సందర్భముననే ఒక మాట చెప్పవలసియున్నది. మనస్సు నొచ్చుచున్నను చెప్పెదను. ఆ దొంతిలో సాక్ష్యపు పుస్తకములు, చిన్నవి, ఒక అరడజను కలవు. వ్రాసినవారి చిత్తశుద్ధిని నేను శంకింపను. కాని వానిలో త్రాగుబోతు మూడవ పుటలో త్రాగును, ఐదవ పుటలో మోకరించును, ఆరవ పుటనుండి అతనికి ఆ కోరిక మరల కలిగినట్లే కనబడదు. అట్టి మార్పు జరుగదని నేననను. జరుగుట కన్నులార చూచితిని. నేను చూచిన ఆ మనిషి, మారిన తరువాత పదునొకండు సంవత్సరములు, సారాదుకాణమున్న వీధిన పోవుటకు భయపడి పొలముగట్ల మీదుగ చుట్టు తిరిగి ఆరాధనకు వచ్చెడివాడు. వానకాలమున మోకాళ్లదాక బురద. గుడి మెట్లవద్ద చెంబెడు నీళ్లతో కాళ్లు కడుగుకొని, అందరికంటె వెనుక కూర్చుండెడివాడు. ఆ చుట్టుదారిని గూర్చి సాక్ష్యపు పుస్తకములు మాటాడవు. మాటాడినచో, ఆ గట్లమీద నడచుచున్న తక్కినవారికి ఎంత ఊరట కలిగెడిది!

ఆ చుట్టుదారిని వ్రాసినవారు నవలాకారులు. వారిలో ఆలన్ పేటన్ నా మనస్సుకు మిక్కిలి దగ్గరివాడైనాడు. ఆయన నవల ‘క్రై, ది బిలవెడ్ కంట్రీ’ 1948లో వెలువడినది; ‘ఏడువుము, ప్రియమైన దేశమా’ యని తెలుగున చెప్పుకొనవచ్చును. పేటన్ దక్షిణాఫ్రికాలో జొహాన్నెస్‌బర్గు చెంత, నేరము చేసిన నల్లజాతి బాలురనుంచు శిక్షాలయమునకు 1935 నుండి 13 సంవత్సరములు అధ్యక్షుడు. ముళ్లకంచె తీయించి పూలమొక్కలు నాటించినవాడు. పరదేశముల చెరసాలలు చూచుటకై 1946లో బయలుదేరి, నార్వేలోని ట్రాండ్‌హైము పట్టణమున ఈ నవల మొదలిడి, ఊరూర హోటలు గదులలో వ్రాయుచు, శాన్‌ఫ్రాన్సిస్కో చేరి ముగించెను. ఇల్లు విడిచిన మనిషి ఇంటిని తలంచుకొని వ్రాసిన వ్రాత యని ప్రతి పుటయు చెప్పును.

కథ నటాలు కొండలలోని చిన్న ఊరి గురువు స్టీఫెన్ కుమాలోది. నగరమునకు పోయి తిరిగిరాని కొడుకును వెదకుచు ఆయన జొహాన్నెస్‌బర్గు చేరును. కొడుకు దొరకును, హంతకుడై. దొంగతనమునకు దూరిన యింట భయపడి పిస్తోలు పేల్చినాడు. చనిపోయినవాడు ఆర్థర్ జార్విసు. నల్లవారి మేలుకై పాటుపడుచున్న తెల్లవాడు. అతని తండ్రి పొలము కుమాలో ఊరికి ఎగువననే యున్నది. ఈ కుమాలో మహాత్ముడేమియు కాడు. రైలులో, ఎన్నడు చూడని నగరమును ఎరిగినట్లే తోటి ప్రయాణికులయెదుట మాటాడును. తమ్ముని మనస్సు నొప్పింపవలెనని అబద్ధమాడి, వీధిలోనికి వచ్చి సిగ్గుపడును. అందువలననే ఆయన ప్రార్థన చేసినప్పుడు నేను నమ్మితిని.

ఒక ఘట్టము చెప్పి ముందుకు పోయెదను. తమ ఊరివాని కూతురొకతె ఒక తెల్లవారి యింట పనిచేసెడిదని విని, ఆమె జాడ తెలిసికొనుటకై కుమాలో ఆ యింటికి పోవును. తలుపు తెరచినవాడు జార్విసు, చనిపోయినవాని తండ్రి. బంధువుల యింటికి వచ్చియున్నాడు. ముసలి గురువు ఆయనను గుర్తించెను. చేతికర్ర జారిపడెను. నిలువలేక మెట్టుమీద కూర్చుండిపోయెను. ఇతనికి జబ్బు చేసినదేమో యని ఆ పెద్దమనిషి మొదట విసుగును, తరువాత ఓపికయు చూపి నిలిచియుండెను. చెప్పవలసినది ఒక్క వాక్యము, నీ కుమారుని చంపినవాడు నా కుమారుడని. ఆ వాక్యము నోట వచ్చుటకు ఎంతసేపు పట్టినదో పేటన్ మనచేత అంతసేపును వేచియుండజేయును. చెప్పిన పిదప జార్విసు ఏమియు ననక ఆయనను దాటి తోటలోనికి పోయి, గోడవద్ద నిలిచి, దూరమున బంగారుగనులనుండి తవ్విపోసిన తెల్లని దిబ్బలను చూచి, తిరిగి వచ్చెను. కోపపు మాట ఆయన నోట రాలేదు. ఇరువురు తండ్రులు. ఒకని కొడుకు మట్టిలో, వేరొకని కొడుకు ఉరికంబము క్రింద. ఆ మెట్టుమీద క్షమ యను పదము ఎవ్వరును పలుకలేదు. కొన్నాళ్లకు కొండమీది పొలమునుండి క్రిందియూరి పిల్లలకు పాలు వచ్చినవి.

ఈ నటాలు మనకు పరాయి సీమ కాదు. పేటన్ 1903 జనవరిలో పీటర్‌మారిట్స్‌బర్గున జన్మించెను. పది సంవత్సరములకు ముందు గాంధీగారిని రైలునుండి త్రోసివేసినది ఆ యూరి స్టేషనులోనే. పేటన్ పుట్టిన ఆ 1903లోనే, నెల్లూరు ప్రాంతపు తెలుగు బాప్తిస్టులు జాన్ రంగయ్య యను బోధకుని నటాలుకు పంపిరి. ఒప్పందపు కూలీలై విశాఖపట్టణము మొదలగు జిల్లాల నుండి ఓడలెక్కి, చెరకుతోటలలో, తేయాకుతోటలలో వెన్ను వంచిన తెలుగువారి కొరకు ఆయన పోయెను. ఆ సంవత్సరాంతమున కియర్‌స్నీ తేయాకుతోటవద్ద తెలుగు సంఘమొకటి ఏర్పడినది. పగలు కొడవలి పట్టిన చేతులతో రాత్రి పాటల పుస్తకము పట్టుకొన్న ఆ మొదటి సభ్యులలో ఒక్కని కథనైనను తెలుగు నవలగా చదువవలెనని, కుమాలో కథ ముగించిన రాత్రి నాకు తీవ్రముగ కోరిక కలిగినది.

ఆ దొంతిలోనే యున్న రష్యను నవలాకారుడు దాస్తోయెవ్‌స్కీని గూర్చి నేను క్రొత్తగా చెప్పదగినది స్వల్పము. 1850లో సైబీరియా చెరకు పోవుచుండగా తొబోల్స్కు పట్టణమున, అంతకు పూర్వము ప్రవాసమునకు వచ్చిన రాజద్రోహుల భార్యలు ఆయన చేతిలో క్రొత్తనిబంధన యొకటి పెట్టిరి. నాలుగేండ్ల చెరలో అది ఆయనతో నుండెను. 1881లో మరణదినమున భార్యచేత దానినే తెరపించి చదివించుకొనెను. 1866 నాటి ‘నేరము–శిక్ష’లో సోన్యా, కొడిగట్టుచున్న క్రొవ్వొత్తి వెలుగున, గొంతు తడబడుచుండగా హంతకునికి లాజరు కథ చదివి వినిపించును. ఆ సువార్త పుస్తకము ఆమెకు తెచ్చి యిచ్చినది లిజవేత, అతని గొడ్డలికి కూలిన రెండవ స్త్రీ. ఇరువది సంవత్సరముల క్రిందట మొదటిసారి చదివినప్పుడు ఈ వివరము నా కంటబడనే లేదు. ఈ మారు దానిని దాటి పోవుటకు ఒక సాయంకాలము పట్టినది.

భక్తిని ఇట్లు సజీవముగ నిలుపు శక్తి మన భాషకును లేకపోలేదు. వినుకొండలో 1895లో జన్మించిన జాషువ మహాకవి ‘క్రీస్తు చరిత్ర’ను పద్యములలో రచింపగా, 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానమిచ్చి గౌరవించినది. బన్యను వలెనే చెరసాలలో కూర్చుండి ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారు ‘మాలపల్లి’ని వ్రాసిరి, ఒక పల్లెటూరి హరిజన వృద్ధుని భక్తిని అంత నిండుగ నిలిపిన పుస్తకము నాకు వేరొకటి తెలియదు. పల్లెటూరి ఉపదేశిని, ఇల్లిల్లు తిరిగి వాక్యము చెప్పు బైబిలు స్త్రీని, ఆ నిండుతనముతో ఒక తెలుగు నవలలో చూడవలెనని నా ఆశ. సామగ్రి మన యిండ్లలోనే యున్నది. ఆ దొంతి అడుగున, మా అమ్మ తెలియక తెచ్చిన ఒక పాత లెక్కల పుస్తకమును నేను కనుగొంటిని, మా తాతగారిది. బాప్తిస్మములు ఇన్ని, సమాధులు ఇన్ని, పిడికెడు బియ్యపు చందా ఇన్ని శేర్లు, ఒక కోడి, గుడి కప్పునకు తాటాకు ఇన్ని మోపులు. ఆ లెక్కల నడుమ, ఒక వేసవి తేదీ క్రింద, పెన్సిలుతో ఒక వాక్యము: ఈ దినము ప్రార్థింపలేకపోతిని. దాని క్రింద మరల తాటాకు లెక్క. మరునాటినుండి యథాప్రకారము కూటములు, చందాలు. ఆయన నెన్నడును సందేహమెరుగని మనిషిగా నేను తలంచియుంటిని. ఆ పెన్సిలు వ్రాత చూచిన తరువాత ఆయనపై నా భక్తి పదింతలైనది.

చివరగా గ్రాహం గ్రీన్ నవల. పేరు ‘ది పవర్ అండ్ ది గ్లోరీ’. పరలోక ప్రార్థన చివరి మాటలనుండి తీసికొన్నది. 1938లో గ్రీన్ మెక్సికో దేశమున తిరిగి వచ్చి, 1940లో దీనిని ప్రకటించెను. ఆ దేశపు ఒక రాష్ట్రమున గుళ్లు మూయించి, గురువులను వెడలగొట్టి, మద్యమును కూడ నిషేధించిన దినముల కథ ఇది. పేరులేని గురువొకడు పోలీసులకు దొరకక తిరుగుచున్నాడు. త్రాగుబోతు, వ్రతము తప్పి ఒక కూతురిని కన్నవాడు. తనకంటె మంచివారందరును పోయిరి, చెడ్డవాడనైన నేను మిగిలితినని ఆయన పరితాపము. అయినను రోగి పిలిచినచో పోవలెను. పాపము ఒప్పుకొనువాడున్నచో వినవలెను. ద్రాక్షారసము దొరికినచో పూజ చేయవలెను.

ఆ ద్రాక్షారసమే దొరకదు. ఉన్న డబ్బంతయు పెట్టి, గవర్నరుగారి బంధువొకనివద్ద దొంగచాటుగ ఒక సీసా ద్రాక్షారసమును, ఒక సీసా బ్రాందీని కొనును. అమ్మినవాడు గదిలోనే కూర్చుండును. ఎదుటివానికి పోయకుండుట మర్యాద కాదు. బ్రాందీ తీసికొనుమని గురువు బ్రతిమాలును. ఆ మనిషికి ద్రాక్షారసమే ఇష్టము. ఇంతలో పోలీసు అధికారి వచ్చి కూర్చుండును. గ్లాసు వెనుక గ్లాసు, కబుర్ల మధ్య, సీసా తరిగిపోవుచుండును. గురువు చూచుచుండును, కన్నీరు కారును. ఎందుకేడ్చుచున్నావని వారడుగుదురు. త్రాగినప్పుడు నాకిట్లే యగునని ఆయన చెప్పును. సీసా ఖాళీయగును. పూజకు పనికిరాని బ్రాందీ మిగులును. దానితోడనే పట్టువడి ఆయన చెరకు పోవును.

ఈ ఘట్టమును చదివిన సాయంకాలము శనివారము. మరునాడు సంఘమున ప్రభువు బల్ల. మా అమ్మ నా మంచము ప్రక్కననే పీటవేసికొని కూర్చుండి, నానవేసి కాచిన ఎండుద్రాక్షల రసమును పలుచని తెల్లగుడ్డలో వడగట్టుచున్నది. నలువది సంవత్సరములుగ ఆ పని ఆమెదే. చిన్ననాడు ఆ సీసా యున్న అలమరవైపు మేము చేయి చాపుటకు వీలులేకుండెడిది. నేను ఆ కథను తెలుగున మెల్లగ చెప్పుచుండగా, గుడ్డ పిండుచున్న ఆమె చేతులు ఆగిపోయినవి. గురువు త్రాగుబోతని విన్నప్పుడు ఆమె ఏమియు ననలేదు. కూతురున్నదని విన్నప్పుడును ఏమియు ననలేదు. సీసా ఖాళీయైన చోటికి వచ్చుసరికి తలయెత్తి చూచినది.

“ఒక్క చుక్కయినా మిగల్లేదా నాయనా?” అని యడిగినది.

లేదని చెప్పితిని. ఆమె చాలసేపు మాటాడక, గుడ్డను మరల బిగించి, చివరి బొట్టు వరకు పిండి, సీసా బిరడా బిగించి లేచి లోపలికి పోయినది.